ఎక్స్‌వీ6ను రిస్క్-ఫైవ్ నుంచి 64-బిట్ ఆర్మ్‌కు పోర్ట్ చేయడం

కొత్త ప్రాసెసరు మీద కెర్నెల్ మొదటి అక్షరం ఒక్క పూటలో వచ్చేస్తుంది. షెల్ ప్రాంప్టు మాత్రం వారాల పని. ఆ వారాలన్నీ ఒకే ప్రశ్న వేసుకుంటూ గడపాలి: పాత ప్రాసెసరు మనకు చెప్పకుండా ఏ పని చేసిపెట్టేది? కొత్తది ఆ పని చేయకపోవచ్చు, తిరగేసి చేయవచ్చు. పోర్టింగ్‌లో, అంటే ఒక ప్రాసెసరు కోసం రాసినదాన్ని ఇంకోదాని మీద నడిపించడంలో, రాయవలసిన కొత్త కోడ్ తక్కువే. శ్రమంతా ఇలాంటి చెప్పని పనులను వెతికి పట్టుకోవడంలో ఉంటుంది.

భీమవరం, అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివి, పేజ్ టేబుల్ బొమ్మ పరీక్షలో వేసి, అది నిజంగా ఎలా నడుస్తుందో చూడాలనుకునే వాళ్ల కోసం ఈ గైడు. ఎక్స్‌వీ6 అనే చిన్న బోధనా ఆపరేటింగ్ సిస్టమ్‌ను రిస్క్-ఫైవ్ జాతి ప్రాసెసరు నుంచి ఆర్మ్ జాతి ప్రాసెసరుకు మార్చడమే ఇందులోని పని. సి భాషలో పాయింటర్లు బాగా వచ్చి ఉండాలి. అసెంబ్లీ కొద్దిగా చదవగలిగితే చాలు.

ఎక్స్‌వీ6నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్ నమూనాలో ఎంఐటీ వాళ్లు 2006లో దీన్ని తరగతి కోసం రాశారు. మొదట ఎక్స్86 మీద నడిచేది, 2019లో రిస్క్-ఫైవ్‌కు మార్చారు. రెండు రూపాల సోర్సూ స్వేచ్ఛగా దొరుకుతుంది. ఒకే కెర్నెల్‌ను అదే చేతులు ఒక ప్రాసెసరు నుంచి ఇంకోదానికి ఎలా మార్చాయో ఫైలు పక్కన ఫైలు పెట్టి చూసుకోవచ్చు. పోర్టింగ్‌కు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు. ముందు ఒక రోజు ఆ తేడాలు చదవడానికే కేటాయించండి.

సామాను

ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్ చాలు. మనం నడిపే వర్చువల్ మెషీన్‌కు 128 మెగాబైట్లే ఇస్తాం. ఆర్మ్ 64 క్రాస్ కంపైలర్ (ల్యాప్‌టాప్ మీదే ఆర్మ్ కోడ్ తయారుచేసేది), క్యూఎము (వేరే ప్రాసెసరును అనుకరించే ప్రోగ్రాము) ఆర్మ్ ప్యాకేజీ, జీడీబీ మల్టీఆర్క్ డీబగ్గరు, డివైస్ ట్రీ (ఏ పరికరం ఏ చిరునామాలో ఉందో చెప్పే పట్టిక) కంపైలర్ వేసుకోండి. రిస్క్-ఫైవ్ కంపైలర్, రిస్క్-ఫైవ్ క్యూఎము కూడా ఉండాలి. ఏదైనా అనుమానం వచ్చినప్పుడు అసలు ఎక్స్‌వీ6 అదే చోట ఏం చేస్తోందో పక్క కిటికీలో నడిపి చూడాలి కదా. ఆర్మ్ ఆర్కిటెక్చర్ రిఫరెన్స్ మాన్యువల్ వేల పేజీల పీడీఎఫ్. దాన్ని ముందే దించి పెట్టుకోండి, గాలివాన రోజుల్లో కరెంటుతోపాటు నెట్ కూడా పోతుంది. నడిచిన ప్రతి చిన్న మెట్టుకూ గిట్‌లో ఒక కమిట్ వేయండి. నిన్న నడిచింది ఇవాళ ఆగిపోతే వెనక్కి వెళ్లి పోల్చడానికి అదొక్కటే ఆధారం.

నలుగురు కలిసి చేస్తున్నా ఎంఎంయూ (పేజ్ టేబుల్ చూసి వర్చువల్ చిరునామాలను ఫిజికల్‌గా మార్చే భాగం) ఆన్ అయ్యేవరకు పని పంచుకోవద్దు. అప్పటిదాకా అంతా ఒకే దారం, ఒకే కీబోర్డు దగ్గర కూర్చోవాలి. ఆ తర్వాత ఒకరు ఇంటరప్ట్‌లు, ఒకరు డిస్కు, ఒకరు యూజర్ ప్రోగ్రాములు తీసుకోవచ్చు.

ముట్టుకోనక్కర లేని ఫైళ్లేవో ముందే తేల్చుకుంటే సగం భయం పోతుంది. ఫైల్ సిస్టమ్, లాగ్, బఫర్ క్యాష్, పైప్, స్లీప్‌లాక్, స్ట్రింగ్ ఫైళ్లకు ప్రాసెసరుతో పని లేదు. మార్చవలసినవి: ఎంట్రీ, స్టార్ట్, ట్రాంపొలీన్, కెర్నెల్‌వెక్, స్విచ్ ఫైళ్లు, రిస్క్-ఫైవ్ హెడర్, మెమ్‌లేఅవుట్, వీఎం, ట్రాప్, యూఆర్ట్, ప్లిక్, లింకర్ స్క్రిప్టు, మేక్‌ఫైల్. ప్రాక్, ఎగ్జెక్, స్పిన్‌లాక్, వర్ట్ఐఓ ఫైళ్లలో కొద్ది పంక్తులు.

మొదటి అక్షరం

చిరునామాలు ఊహించకండి. క్యూఎమును ‘వర్ట్’ అనే ఊహా మెషీన్‌తో నడిపి ‘డంప్ డీటీబీ’ ఆప్షన్ ఇస్తే డివైస్ ట్రీని ఫైలులో పడేస్తుంది. డివైస్ ట్రీ కంపైలర్‌తో దాన్ని చదవదగ్గ రూపానికి మార్చి, అందులోనుంచి తీసుకోండి. ఈ గైడులో చిరునామాలు, ఫాల్ట్ కోడ్‌లు హెక్స్‌లో ఉన్నాయి. రిస్క్-ఫైవ్ వర్ట్ మెషీన్‌లో ర్యామ్ 80000000 దగ్గర మొదలైతే, ఆర్మ్ వర్ట్‌లో 40000000 దగ్గర. సీరియల్ పోర్టు అక్కడ 10000000, ఇక్కడ 09000000. అక్కడి చిప్ 16550, ఇక్కడ పీఎల్011. పాతదానిలో రిజిస్టర్లు ఒక్కో బైటు దూరంలో ఉంటాయి, కొత్తదానిలో 32 బిట్ల రిజిస్టర్లు. డేటా రిజిస్టరు ఆఫ్‌సెట్ 0, ఫ్లాగ్ రిజిస్టరు ఆఫ్‌సెట్ 18. ఫ్లాగ్‌లో 5వ బిట్ 1 అయితే పంపే క్యూ నిండింది, 4వ బిట్ 1 అయితే వచ్చే క్యూ ఖాళీ.

కెర్నెల్‌ను 40200000 దగ్గర లింక్ చేయండి. ర్యామ్ మొదట్లో క్యూఎము డివైస్ ట్రీని పెడుతుంది, 2 మెగాబైట్లు వదిలితే దాని జోలికి వెళ్లం. సీపీయూగా కార్టెక్స్-ఏ72, జీఐసీ (ఇంటరప్ట్‌లను కోర్లకు పంచే భాగం) వెర్షన్ 2 అని స్పష్టంగా రాయండి. ఎంట్రీ ఫైల్లో నాలుగే సూచనలు (ఇన్‌స్ట్రక్షన్లు): సీరియల్ చిరునామా ఒక రిజిస్టరులో, 65 ఇంకో రిజిస్టరులో, రాయడం, అక్కడే తిరగడం. తెర మీద ఒక ఏ అక్షరం కనిపిస్తే టూల్‌చైన్, లింకర్, చిరునామా మూడూ సరే అన్నమాట.

తర్వాత స్టాక్ పెట్టి సి లోకి దూకాలి. స్టాక్ పాయింటరు 16 బైట్ల హద్దు మీద ఉండాలి. రిస్క్-ఫైవ్‌లో అది ఒప్పందం మాత్రమే, తప్పితే హార్డ్‌వేర్ అడగదు. ఆర్మ్ అడుగుతుంది, ఫాల్ట్ కోడ్ 26తో ఆపేస్తుంది.

ఇక్కడే చాలామంది మొదటి గోడకు కొట్టుకుంటారు. మామూలు ఫంక్షన్లు నడుస్తాయి, ప్రింట్ఎఫ్ పిలవగానే మెషీన్ చచ్చిపోతుంది. ప్రింట్ఎఫ్‌కు ఎన్ని ఆర్గ్యుమెంట్లు వస్తాయో ముందు తెలియదు కాబట్టి, కంపైలరు జాగ్రత్తకు ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లను కూడా స్టాక్ మీద దాచే కోడ్ పెడుతుంది. ఆ రిజిస్టర్లకు మనం అనుమతి ఇవ్వలేదు కాబట్టి ఫాల్ట్ కోడ్ 07 వస్తుంది. కంపైలరుకు ‘జనరల్ రెగ్స్ ఓన్లీ’ ఫ్లాగు ఇవ్వండి. యూజర్ ప్రోగ్రాములకూ ఇదే ఫ్లాగు. ఇవ్వకపోతే ప్రతి కాంటెక్స్ట్ స్విచ్‌లో 32 వెక్టర్ రిజిస్టర్లు దాచవలసి వస్తుంది.

లింక్ చేసేటప్పుడు ‘స్వాప్ ఎక్వైర్’ అర్థం వచ్చే పేరేదో దొరకలేదని ఎర్రర్ వస్తే అది స్పిన్‌లాక్ పని. జీసీసీ 10 నుంచి ఆర్మ్ 64లో అటామిక్ పనులను లైబ్రరీ ఫంక్షన్లుగా పిలవడం అలవాటు, మన కెర్నెల్‌కు ఆ లైబ్రరీ లేదు. ‘నో అవుట్‌లైన్ అటామిక్స్’ ఫ్లాగుతో తీరిపోతుంది.

పేజ్ టేబుల్: అసలు పని ఇక్కడే

ఎక్స్‌వీ6 రిస్క్-ఫైవ్‌లో ఎస్‌వీ39 పద్ధతి వాడుతుంది: 39 బిట్ల చిరునామా, మూడు మెట్లు, మెట్టుకు 9 బిట్లు, 4 కిలోబైట్ల పేజీ. ఆర్మ్‌లో చిరునామాల అనువాదం ఎలా జరగాలో చెప్పే టీసీఆర్ రిజిస్టరులో టీ0ఎస్‌జెడ్, టీ1ఎస్‌జెడ్ రెండింటికీ 25 ఇస్తే సరిగ్గా ఇదే ఆకారం వస్తుంది. అందుకని ‘వాక్’ ఫంక్షన్ నిర్మాణం అలాగే ఉంచుకోవచ్చు. రిస్క్-ఫైవ్ మెట్లను 2, 1, 0 అని లెక్కపెడుతుంది, ఆర్మ్ 1, 2, 3 అంటుంది. మాన్యువల్ చదివేటప్పుడు ఇది గుర్తుండాలి.

తేడా మొదలయ్యేది టేబుళ్ల సంఖ్యలో. రిస్క్-ఫైవ్‌కు ఒకే టేబుల్ రిజిస్టరు, అందుకే ఎక్స్‌వీ6లో యూజర్ టేబుల్ నుంచి కెర్నెల్ టేబుల్‌కు మారడానికి ట్రాంపొలీన్ పేజీ పెట్టారు. ఆర్మ్‌కు రెండు: కింది చిరునామాలకు టీటీబీఆర్0, పై చిరునామాలకు టీటీబీఆర్1. కెర్నెల్‌ను పై సగానికి ఎక్కించి ట్రాంపొలీన్ తీసేయమనే మా సలహా. అలాగే ఉంచి కూడా పోర్ట్ చేయవచ్చు, కానీ హార్డ్‌వేర్ ఇచ్చిన సౌకర్యంతో తగవు పెట్టుకున్నట్టు అవుతుంది.

బూట్ టేబుల్‌కు ఒక్క 4 కిలోబైట్ల పేజీ చాలు. మొదటి మెట్టులో ఒక్కో ఎంట్రీ 1 జీబీని చూపిస్తుంది. వర్ట్ మెషీన్‌లో డివైసులన్నీ మొదటి జీబీలో, ర్యామ్ రెండో జీబీలో ఉన్నాయి. కాబట్టి రెండే ఎంట్రీలు: 0వది 401, 1వది 40000705. డివైసుల ఎంట్రీకి 53, 54 బిట్లు కూడా పెట్టండి, అక్కడినుంచి ఎవరూ కోడ్ నడపకూడదు. ర్యామ్ ఎంట్రీకి 54 చాలు. మెమరీ రకాలు చెప్పే ఎంఏఐఆర్ రిజిస్టరులో 0వ బైటు మొత్తం సున్నాలు, అది డివైస్ మెమరీ. 1వ బైటు మొత్తం ఒకట్లు, అది మామూలు క్యాష్ మెమరీ. ఇదే పేజీని రెండు టీటీబీఆర్‌లకూ ఇవ్వవచ్చు.

ఒకే పేజీ రెండింటికీ ఎందుకంటే, ఎంఎంయూ ఆన్ చేసిన మరుక్షణం కూడా పీసీ (నడవాల్సిన సూచన చిరునామా ఉండే రిజిస్టరు) పాత కింది చిరునామాలోనే ఉంటుంది. విజ్జేశ్వరం లాకుల్లో పడవను పై మట్టానికి ఎక్కించేటప్పుడు చూడండి: లోపలి నీరు పై నీటితో సమానం అయ్యాకే పై తలుపు తీస్తారు, కింది తలుపు అప్పటిదాకా మూసే ఉంటుంది. ఇక్కడా అంతే. కింది చిరునామా, పై చిరునామా రెండూ ఒకే మెమరీని చూపిస్తున్నప్పుడు ఎంఎంయూ ఆన్ చేసి, పై చిరునామాకు దూకి, ఆ తర్వాతే టీటీబీఆర్0ను ఖాళీ టేబుల్‌కు మార్చాలి. ఆ దూకుడు ముందు ఉన్న కోడ్ అంతా పీసీ ఆధారంగా చిరునామా లెక్కగట్టే ఏడీఆర్, ఏడీఆర్‌పీ సూచనలే వాడాలి. ఇప్పుడు కెర్నెల్‌ను పై చిరునామాతో లింక్ చేస్తాం కాబట్టి లిటరల్ నుంచి లోడ్ చేసే పద్ధతి పై చిరునామాను ఇస్తుంది. దూకడానికి మాత్రం సరిగ్గా అదే కావాలి.

పై భాగం మొదలయ్యేది 64 బిట్ల చివరి 512 జీబీ దగ్గర. ఫిజికల్ చిరునామాకు ఆ మొత్తం కలిపితే వర్చువల్, తీసేస్తే ఫిజికల్.

టీసీఆర్‌లో ఒక గోతి ఉంది. పేజీ సైజు 4 కిలోబైట్లు అని చెప్పడానికి టీజీ0లో 00 రాయాలి, టీజీ1లో 10 రాయాలి. రెండూ ఒకటే అనుకుంటే కింది భాగం నడుస్తుంది, పైకి దూకగానే పోతుంది. ఎంఎంయూ ఆన్ చేసే ముందే వీబీఏఆర్‌లో ఎక్సెప్షన్ టేబుల్ చిరునామా పెట్టండి. పెట్టకపోతే పీసీ 200 చుట్టూ తిరుగుతూ ఉంటుంది, అసలు తప్పు ఎక్కడో తెలియదు. క్యూఎముకు ఇంటరప్ట్ లాగ్ ఆప్షన్ ఇస్తే ప్రతి ఎక్సెప్షన్‌కూ ఈఎస్ఆర్ (కారణం), ఎఫ్ఏఆర్ (తప్పు జరిగిన చిరునామా) విలువలు ఫైల్లో రాస్తుంది. ఆ ఫైల్లో మొదటి ఎంట్రీ చదవండి. చివరిది చాలావరకు మొదటి తప్పు మీద వచ్చిన తప్పు.

ఇక పేజీ ఎంట్రీ బిట్లు. రిస్క్-ఫైవ్‌లో చదవడం, రాయడం, నడపడం అని అనుమతులు ఇస్తాం. ఆర్మ్‌లో తిరగేసి రాయాలి: 7వ బిట్ అంటే రాయకూడదు, 54వ బిట్ అంటే యూజర్ నడపకూడదు, 53వ బిట్ అంటే కెర్నెల్ నడపకూడదు. 6వ బిట్ ఒక్కటే యూజర్‌కు అనుమతి ఇస్తుంది. ఇన్ని చోట్ల చెల్లాచెదురుగా మార్చకుండా, ఎక్స్‌వీ6 అనుమతులను తీసుకొని ఆర్మ్ బిట్లు తిరిగి ఇచ్చే ఒక చిన్న ఫంక్షన్ రాసి, అన్నీ దానిగుండానే పంపండి. చివరి మెట్టు ఎంట్రీ కింది రెండు బిట్లు 11 ఉండాలి. బూట్ టేబుల్లో వాడిన 01 అక్కడ చెల్లదు.

10వ బిట్ యాక్సెస్ ఫ్లాగ్. దాన్ని మనమే పెట్టాలి, లేకపోతే మొదటి తాకిడికే ఫాల్ట్. దీన్ని మ్యాప్ చేసేటప్పుడు పెట్టడం ఎవరూ మర్చిపోరు. దెబ్బ తగిలేది ఫోర్క్‌లో. ఎక్స్‌వీ6 పాత ఎంట్రీ నుంచి ఫ్లాగులు తీయడానికి కింది 10 బిట్లనే తీసుకునే మాక్రో వాడుతుంది, అవి 0 నుంచి 9 వరకు. 10వ బిట్ అక్కడే రాలిపోతుంది. తండ్రి ప్రాసెస్ బాగా నడుస్తుంది, పిల్ల ప్రాసెస్ మొదటి సూచన దగ్గరే చనిపోతుంది. ఈఎస్ఆర్ చివరి ఆరు బిట్లు 001011 కనిపిస్తే ఇదే కారణం. మాక్రోను కింది 12 బిట్లు, పైన 53, 54 బిట్లు కలిపి తీసేలా మార్చండి. చిరునామా బిట్లు కూడా చూసుకోండి: రిస్క్-ఫైవ్‌లో 10 కుడికి, 12 ఎడమకు జరపాలి. ఆర్మ్‌లో ఉన్న చోటే ఉంటాయి, మాస్క్ చేస్తే చాలు.

కెర్నెల్ పైకి ఎక్కాక పుట్టే పెద్ద బెడద ఫిజికల్, వర్చువల్ చిరునామాల కలగాపులగం. అసలు ఎక్స్‌వీ6లో కెర్నెల్‌కు రెండూ ఒకటే కాబట్టి ఎక్కడా తేడా పాటించలేదు. కేఅలాక్ ఇచ్చేది వర్చువల్, మ్యాప్‌పేజెస్‌కు కావలసింది ఫిజికల్, వాక్అడ్రస్ ఇచ్చేది ఫిజికల్, దాన్ని మెమ్‌మూవ్‌కు ఇవ్వాలంటే మళ్లీ వర్చువల్. అన్నీ 64 బిట్ల పూర్ణాంకాలే, కంపైలరు నోరెత్తదు. దీనికి ఒక మంచి ఉపాయం: ఫిజికల్ చిరునామాకు ఒక్క సభ్యుడున్న స్ట్రక్ట్ రకం తయారుచేసి వీఎం ఫైలంతా దానికి మార్చండి. కలిసిపోయిన ప్రతి చోటా కంపైలరే ఎర్రర్ చూపిస్తుంది. 1977 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32కు మార్చినప్పుడు కూడా పాయింటర్లను, పూర్ణాంకాలను కలిపేసి రాసిన ప్రోగ్రాములే వాళ్లను బాగా ఇబ్బంది పెట్టాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాతా అదే గొయ్యి.

ఎంట్రీ మార్చాక రిస్క్-ఫైవ్‌లో ఉన్న ఎస్‌ఫెన్స్ ఒక్కదాని బదులు ఇక్కడ నాలుగు అడుగులు: డీఎస్‌బీ (ముందటి రాతలు పూర్తయ్యేదాకా ఆగడం), టీఎల్‌బీఐ (దాచుకున్న పాత అనువాదాల పట్టిక టీఎల్‌బీని తుడవడం), మళ్లీ డీఎస్‌బీ, ఐఎస్‌బీ (తర్వాతి సూచనలను కొత్తగా తేవడం). డీఎస్‌బీ, ఐఎస్‌బీలు మానేసినా క్యూఎములో నడుస్తుంది, తప్పు నిజమైన చిప్ మీదే బయటపడుతుంది, అందుకే మానేయకండి.

ట్రాప్‌లు

ఆర్మ్ ఎక్సెప్షన్ టేబుల్ 2 కిలోబైట్ల హద్దు మీద ఉండాలి. 16 గదులు, గదికి 128 బైట్లు, అంటే 32 సూచనలు. రిజిస్టర్లన్నీ దాచి తిరిగి తీసే కోడ్ అందులో పట్టదు, పక్క గదిలోకి పొంగుతుంది. గదిలో ఒక్క బ్రాంచ్ పెట్టి బయటకు పంపండి. మనకు అవసరమైనవి నాలుగు: కెర్నెల్‌లో తప్పు 200, కెర్నెల్‌లో ఇంటరప్ట్ 280, యూజర్ నుంచి సిస్టమ్ కాల్ లేదా తప్పు 400, యూజర్‌లో ఇంటరప్ట్ 480. మిగతా 12 గదుల్లో తమ నంబరు చెప్పి పానిక్ అయ్యే కోడ్ ఉంచండి.

యూజర్ నుంచి కెర్నెల్‌లోకి రాగానే ఆర్మ్ తనంతట తానే కెర్నెల్ స్టాక్ పాయింటరుకు మారుతుంది, రిస్క్-ఫైవ్‌లోలా స్క్రాచ్ రిజిస్టరు తంటా లేదు. కాబట్టి ట్రాప్‌ఫ్రేమ్‌ను కెర్నెల్ స్టాక్ మీదే పేర్చవచ్చు: 31 రిజిస్టర్లు, యూజర్ స్టాక్ పాయింటరు, ఈఎల్ఆర్ (తిరిగి వెళ్లవలసిన చిరునామా), ఎస్‌పీఎస్ఆర్ (ట్రాప్‌కు ముందున్న ప్రాసెసరు స్థితి). మొత్తం 34 పదాలు, 272 బైట్లు. 16తో భాగించబడుతుంది, అమరిక బాధ లేదు. కెర్నెల్‌లో ఉండగా వచ్చిన ఇంటరప్ట్‌కూ ఈఎల్ఆర్, ఎస్‌పీఎస్ఆర్ దాచాలి. టైమర్ ఇంటరప్ట్‌లో యీల్డ్ జరిగి వేరే ప్రాసెస్ నడిస్తే ఆ రెండూ చెరిగిపోతాయి.

కారణం ఈఎస్ఆర్‌లో 26 నుంచి 31 బిట్లలో ఉంటుంది. 15 అంటే సిస్టమ్ కాల్, 24 యూజర్ డేటా తప్పు, 20 యూజర్ సూచన తప్పు, 25, 21 అవే తప్పులు కెర్నెల్‌లో.

ఇప్పుడు ఈ పోర్టులోకెల్లా అందమైన తప్పు. రిస్క్-ఫైవ్‌లో సిస్టమ్ కాల్ జరిగాక సేవ్ అయిన పీసీ ఆ ఈకాల్ సూచననే చూపిస్తుంది. అందుకే ఎక్స్‌వీ6 యూజర్‌ట్రాప్‌లో దానికి 4 కలుపుతుంది. ఆర్మ్‌లో సిస్టమ్ కాల్ సూచన అయిన ఎస్‌వీసీ తర్వాత ఈఎల్ఆర్ అప్పటికే తర్వాతి సూచనను చూపిస్తుంది. ఆ 4 అలాగే వదిలేస్తే ఒక సూచన ఎగిరిపోతుంది. యూజర్ స్టబ్‌లో (సిస్టమ్ కాల్ పిలిచే చిన్న ఫంక్షన్‌లో) ఎస్‌వీసీ తర్వాత ఉండేది వెనక్కి తిరిగే రెట్ ఒక్కటే. అది ఎగిరిపోతే కింద ఉన్న స్టబ్‌లోకి జారిపోతుంది. జాబితాలో ఫోర్క్ కింద ఉన్నది ఎగ్జిట్. ఫోర్క్ పిలిచిన ప్రాసెస్ వెంటనే ముగిసిపోతుంటే ట్రాప్ ఫైల్లో ఆ 4 కోసం చూడండి.

ఇంటరప్ట్ ఆన్, ఆఫ్ కూడా తిరగేసిన లెక్కే. రిస్క్-ఫైవ్‌లో బిట్ 1 అంటే ఇంటరప్ట్‌లు వస్తాయి. ఆర్మ్ డైఫ్ రిజిస్టరులో 7వ బిట్ 1 అంటే రావు. ఇంటర్‌గెట్‌లో ఇది తప్పితే పుష్‌ఆఫ్, పాప్‌ఆఫ్ లెక్క చెడి పానిక్ వస్తుంది.

స్విచ్ ఫైలు సులువు: ఎక్స్19 నుంచి ఎక్స్30 వరకు పన్నెండు, స్టాక్ పాయింటరు ఒకటి, మొత్తం 13 రిజిస్టర్లు దాచి తీయడం. యూజర్ టేబుల్ మార్చినప్పుడల్లా టీటీబీఆర్0 రాసి టీఎల్‌బీ తుడవండి. ఏఎస్ఐడీల (ప్రాసెస్‌కో గుర్తు ఇచ్చి ఈ తుడుపును తప్పించే పద్ధతి) జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

ఇంటరప్ట్‌లు, డిస్కు

ధవళేశ్వరంలో గేటు ఎత్తినంత మాత్రాన శివారు చేనుకు నీరు చేరదు. ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె మూడూ తెరిచి ఉండాలి. జీఐసీ కూడా అంతే. 08000000 దగ్గర డిస్ట్రిబ్యూటర్‌ను ఆన్ చేసి అందులో ఆ ఇంటరప్ట్ నంబరును ఎనేబుల్ చేయాలి. 08010000 దగ్గర సీపీయూ ఇంటర్‌ఫేస్‌ను ఆన్ చేసి దాని ప్రయారిటీ మాస్క్ పెంచాలి. చివరికి డైఫ్‌లో 7వ బిట్ తీయాలి. జనం మర్చిపోయేది ప్రయారిటీ మాస్క్. రీసెట్‌లో అది 0, అంటే ఏదీ లోపలికి రాదు. 8 బిట్లూ 1 చేయండి.

నంబర్లలో ఇంకో చిక్కు. డివైస్ ట్రీలో సీరియల్ పోర్టు ఇంటరప్ట్ 1 అని ఉంటుంది, జీఐసీ దగ్గర అది 33. పంచుకునే ఇంటరప్ట్‌లకు 32, ఒక్కో కోర్ సొంత ఇంటరప్ట్‌లకు 16 కలపాలి. వర్చువల్ టైమర్ అక్కడ 11, ఇక్కడ 27.

టైమర్‌కు ఎంత వేగమో సీఎన్‌టీఎఫ్ఆర్‌క్యూ రిజిస్టరు చెబుతుంది. ఆ విలువను 10తో భాగించి టైమర్‌లో రాస్తే సెకనుకు 10 టిక్కులు, ఎక్స్‌వీ6 అలవాటు కూడా దాదాపు అదే. వేగాన్ని అంకెగా కోడ్‌లో రాయకండి, క్యూఎములో సీపీయూ మోడల్ మారితే అది మారిపోవచ్చు. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ముందు టైమర్‌ను మళ్లీ నింపి, ఆ తర్వాత జీఐసీకి ముగిసిందని చెప్పండి. టైమర్‌ను నింపకుండా వదిలేస్తే అదే ఇంటరప్ట్ ఆగకుండా వస్తూ ఉంటుంది, ఏ ప్రాసెస్‌కూ వంతు రాదు.

డిస్కు డ్రైవరు రెండు మెషీన్లకూ ఒకటే వర్ట్ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసం చేసిన పరికరాల పద్ధతి). ఆర్మ్‌లో మొదటి స్లాటు ర్యామ్ కింద, 160వ మెగాబైటు దగ్గర ఉంటుంది, ఇంటరప్ట్ 48. మేక్‌ఫైల్లో డిస్కును బస్ 0కు కట్టిన మాట, పాత పద్ధతి వద్దన్న ఫోర్స్-లెగసీ మాట రెండూ అలాగే ఉంచండి. బస్ చెప్పకపోతే క్యూఎము దాన్ని చివరి స్లాటులో పెడుతుంది. డిస్కుకు ఇచ్చే చిరునామాలన్నీ ఫిజికల్ కావాలి: క్యూలవి, డిస్క్రిప్టర్లవి, బఫర్ డేటాది, స్టేటస్ బైటుది. ఒక్కటి వర్చువల్‌గా వెళ్లినా పానిక్ రాదు, డిస్కు జవాబు ఇవ్వదు, మొదటి బ్లాక్ చదవడం దగ్గర కెర్నెల్ నిద్రపోతుంది.

యూజర్ వైపు

సిస్టమ్ కాల్ నంబరు ఎక్స్8లో, ఆర్గ్యుమెంట్లు ఎక్స్0 నుంచి ఎక్స్5 వరకు పెట్టేలా స్టబ్‌లు తయారుచేసే స్క్రిప్టు మార్చండి. లినక్స్ కూడా ఇదే పద్ధతి కాబట్టి డిస్‌అసెంబ్లీ చదవడం అలవాటుగా ఉంటుంది. ఎగ్జెక్‌లో ఈఎల్ఎఫ్ (ప్రోగ్రాము ఫైలు రూపం) మెషీన్ నంబరు తనిఖీ ఒకటి కలపండి: ఆర్మ్ 64కు 183, రిస్క్-ఫైవ్‌కు 243. ఎక్స్‌వీ6 దాన్ని చూడదు. పాత డిస్కు ఇమేజి ఉండిపోతే రిస్క్-ఫైవ్ ప్రోగ్రామును ఆర్మ్ నడపబోయి చెల్లని సూచన అంటుంది, మీరు పేజ్ టేబుల్‌ను అనుమానిస్తూ కూర్చుంటారు. మేక్ క్లీన్ చేసి మళ్లీ కట్టండి.

షెల్ వచ్చాక యూజర్‌టెస్ట్స్ నడపండి. అందులో కెర్నెల్ చిరునామాలను, స్టాక్ పాయింటరును చదివే పరీక్షలు రిస్క్-ఫైవ్ హెడర్ మీద ఆధారపడ్డాయి, వాటిని మీ లేఅవుట్‌కు మార్చాలి. ఒక్క కోర్ మీద అన్నీ పాసయ్యాకే మిగతా కోర్లు లేపండి. రిస్క్-ఫైవ్ క్యూఎములో కోర్లన్నీ ఒకేసారి మొదలవుతాయి, ఇక్కడ ఒక్కటే మొదలవుతుంది, మిగతావాటిని హెచ్‌వీసీ సూచన ద్వారా పీఎస్‌సీఐ (కోర్లను లేపడానికి, ఆపడానికి ఆర్మ్ పెట్టిన పద్ధతి) సీపీయూ-ఆన్ కాల్‌తో ఒక్కొక్కటిగా పిలవాలి.

ఎక్స్86 నుంచి మొదలుపెట్టిన వాళ్లకు రెండు అదనపు హెచ్చరికలు. ఎక్స్86లో క్యార్ రకం ఋణ సంఖ్యలు పట్టుకుంటుంది, ఆర్మ్‌లోనూ రిస్క్-ఫైవ్‌లోనూ మామూలుగా పట్టుకోదు, అక్కడ -1 తో పోలిక ఎప్పటికీ నిజం కాదు. ఎక్స్86లో ఒక కోర్ వరసగా చేసిన రాతలు వేరే కోర్‌కు అదే వరసలో కనిపిస్తాయి, ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. లాకు లేకుండా పంచుకున్న ప్రతి వేరియబుల్‌నూ మళ్లీ చూడాలి.

నిజమైన బోర్డు

క్యూఎములో అన్నీ పాసైన కెర్నెల్ రాస్ప్‌బెర్రీ పై 4 మీద మొదటిసారే నడవాలని ఆశించకండి. క్యూఎము మన తప్పులు కొన్నింటిని దాచిపెడుతుంది, ఏవేవి దాచిందో వరసగా తీయాలి.

బీఎస్ఎస్ (మొదటి విలువ ఇవ్వని గ్లోబల్ వేరియబుళ్ల భాగం): క్యూఎము ఈఎల్ఎఫ్ ఫైలు చదివి ఆ భాగాన్ని సున్నా చేసి ఇస్తుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డు కెర్నెల్8 అనే ముడి ఇమేజిని ఉన్నదున్నట్టు మెమరీలోకి దించుతుంది, బీఎస్ఎస్‌లో చెత్త ఉంటుంది. ఎంట్రీలో మీరే తుడవాలి. ఎక్స్‌వీ6 ఎంట్రీలో ఆ కోడ్ లేదు.

క్యాష్: క్యూఎము క్యాష్‌ను అనుకరించదు. ఎగ్జెక్ కొత్త ప్రోగ్రామును మెమరీలో రాశాక, ఆ రాతలు డేటా క్యాష్‌లో ఉండిపోయి, సూచనల క్యాష్‌లో పాత బైట్లు మిగలవచ్చు. రాసిన ప్రతి లైనుకూ డీసీ సీవీఏయూ, డీఎస్‌బీ, ఐసీ ఐవీఏయూ, డీఎస్‌బీ, ఐఎస్‌బీ. ఇది లేకపోతే ఒకసారి నడిచి ఇంకోసారి నడవదు. అలాంటి తప్పును గంటల తరబడి వెతికినా దొరకదు.

స్పిన్‌లాక్: ఎంఎంయూ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎక్స్‌క్లూజివ్ లోడ్, స్టోర్ జంట నిజమైన చిప్ మీద పని చేస్తుందన్న హామీ లేదు. ప్రింట్ఎఫ్ లాకు తీసుకుంటుంది కదా, ఎంఎంయూ ఆన్ అయ్యేదాకా లాకు లేని చిన్న అక్షరం రాసే ఫంక్షన్‌తో గడపండి. అప్పటిదాకా మెమరీ మొత్తం డివైస్ మెమరీగానే లెక్క, అమరిక తప్పిన చదవడాలూ ఫాల్ట్ ఇస్తాయి.

రాస్ప్‌బెర్రీ పై 4 ఈఎల్2 (హైపర్‌వైజర్ అధికార మెట్టు)లో మొదలవుతుంది, క్యూఎము మామూలుగా ఈఎల్1 (కెర్నెల్ మెట్టు)లో. ఎంట్రీలో కరెంట్ఈఎల్ చదివి, 2 అయితే హెచ్‌సీఆర్ 31వ బిట్ పెట్టి, టైమర్‌కు అనుమతిచ్చి, వర్చువల్ ఆఫ్‌సెట్ 0 చేసి ఈరెట్‌తో దిగాలి. సిస్టమ్ కంట్రోల్ రిజిస్టరును చదివి ఒక బిట్ మార్చే పద్ధతి వద్దు, రీసెట్ విలువను నమ్మలేం. 11, 20, 22, 23, 28, 29 బిట్లు 1గా ఉంచి పూర్తి విలువ రాయండి.

బూట్ టేబుల్ తలకిందులవుతుంది: ఇక్కడ ర్యామ్ 0వ జీబీలో, డివైసులు 3వ జీబీలో. ఎంట్రీలు 0, 3 వాడండి. సీరియల్ చిప్ అదే పీఎల్011, కానీ జీపీఐఓ 14, 15 పిన్నులను ఆల్ట్0కు మార్చాలి. 48 మెగాహెర్ట్జ్ గడియారానికి 115200 వేగం కావాలంటే పూర్ణాంక భాగం 26, భిన్న భాగం 3. యూఎస్‌బీ-టీటీఎల్ కేబుల్ 3.3 వోల్టులది కొనండి. నేల తీగ 6వ పిన్నుకు, కేబుల్ ఆర్ఎక్స్ 8వ పిన్నుకు, టీఎక్స్ 10వ పిన్నుకు. ఎర్ర 5 వోల్టుల తీగను దేనికీ తగిలించకండి. బోర్డుకు దాని సొంత పవర్ ఉంది.

రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద వర్ట్ఐఓ డిస్కు ఉండదు. ఎస్‌డీ కార్డు డ్రైవరు రాయడం వేరే పెద్ద పని, దాన్ని ఇప్పుడు పెట్టుకోవద్దు. ఫైల్ సిస్టమ్ ఇమేజిని కెర్నెల్‌లోనే కలిపి లింక్ చేసి, డిస్కు చదవడం, రాయడం అనే ఒక్క ఫంక్షన్‌ను మెమ్‌మూవ్‌గా మార్చితే షెల్ వచ్చేస్తుంది. మిగతా కోర్లు ఇక్కడ పీఎస్‌సీఐతో లేవవు, స్పిన్ టేబుల్ పద్ధతిలో తమకు కేటాయించిన చిరునామాలో మనం దూకవలసిన చోటు రాసి ఎస్ఈవీ (నిద్రపోతున్న కోర్లను తట్టి లేపే సూచన) ఇస్తే లేస్తాయి. రాసిన విలువ క్యాష్‌లో ఆగిపోకుండా మెమరీ దాకా తుడవాలి, ఎందుకంటే ఆ కోర్లకు ఇంకా క్యాష్ ఆన్ కాలేదు.

ఐఐటీ మద్రాస్ శక్తి, సీడాక్ వేగా ప్రాసెసర్లు రెండూ రిస్క్-ఫైవ్ జాతివే. ఆర్మ్ మీద రాసుకున్న కెర్నెల్‌ను వాటి మీదికి దించాలనుకునే వాళ్లు ఈ జాబితాను కింది నుంచి పైకి చదవవచ్చు: టేబుల్ రిజిస్టరు ఒక్కటే అవుతుంది, ట్రాంపొలీన్ తిరిగి వస్తుంది, ఈకాల్ తర్వాత ఆ 4 మళ్లీ కలపాలి.